ఫిల్టర్ ఆగిపోయిందని

"ముందు ప్లగ్ తియ్! నీళ్ళలో చెయ్యెట్టేముందు ప్లగ్ తియ్యాలని తెలీదా?"

ఫోన్లో నీలవేణి అరుపుకి జయప్రకాష్ చెయ్యి ట్యాంకులోంచి ఠక్కున బయటికొచ్చేసింది.

ఆమెది ఎదురిల్లు. బిలాస్‌పూర్‌లో రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో టెక్నీషియన్. ఆర్నెల్ల ట్రైనింగ్‌కి ఖరగ్‌పూర్ వెళ్తూ, తన చేపల ట్యాంకుని వీళ్ళింట్లో పెట్టి వెళ్ళింది. ఊరి పక్కనే బోద్రీ కోర్టులో గుమస్తా జయప్రకాష్‌కి ఫైళ్ళు తెలుసు గానీ చేపలేం తెలుసు?

"తీశాను. ఇప్పుడేటి?"

"ఫిల్టర్ మూత విప్పు. స్పాంజి ఎలాగుంది?"

"నల్లగా, జిగురుగా."

"అందుకే నీళ్ళు లాగట్లేదు. ట్యాంకు నీళ్ళు మగ్గులోకి తీసి, అందులో పిండు. కుళాయి కింద కడిగేవంటే, చేపలకి మేలు చేసే బ్యాక్టీరియా చచ్చిపోద్ది."

"అచ్ఛా మేడమ్."

"మేడమేటి? చంపుతాను!" అని నవ్వింది.

ఆ నవ్వు అతనికి అలవాటైపోయింది. ఇన్నేళ్ళు ఎదురుగా తిరిగిన పిల్ల, వెళ్ళిపోయాకే దగ్గరైంది. తాళం వేసిన ఆ తలుపు చూస్తే అన్నం సయించేది కాదు.

ఎయిర్ పంపు గోల పెడితే కింద మెత్త వెయ్యమంది. హీటర్ వేడెక్కకపోతే వైరు ఎక్కడ వదులైందో వీడియో కాల్లో చూపించింది. మూణ్ణెల్లకి అతను అన్నీ నేర్చేసుకున్నాడు. ట్యాంకు తళతళలాడుతోంది. ఇక ఫోన్ చెయ్యడానికి వంకే లేదు.

తొమ్మిది రోజులు ఓర్చుకున్నాడు. పదో రోజు సాయంత్రం వాన మొదలైంది. ఇక ఆగలేకపోయాడు.

"ఫిల్టర్ పూర్తిగా ఆగిపోయింది నీలా."

"లోపల చిన్న చక్రముంటాది, ఇసుక ఇరుక్కుందేమో చూడు."

"చూశాను. తిరగట్లేదు."

"వీడియో కాల్ చెయ్."

"వానకి నెట్ రావట్లేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది.

తెల్లారి తలుపు తీస్తే నీలవేణి! వానకి నిలువునా తడిసిపోయింది. చేతిలో కొత్త ఫిల్టర్ పెట్టె. పలకరించకుండానే ట్యాంకు దగ్గరికి పరిగెత్తింది.

ఫిల్టర్ చక్కగా తిరుగుతోంది. చేపలు హాయిగా ఈదుతున్నాయి.

"దీనికోసం మూడు షాపులు తిరిగాను," అంది మెల్లగా. "సెలవు పెట్టి, జనరల్ బోగీలో నిలబడి వచ్చాను. ఎందుకు అబద్ధమాడేవు?"

కళ్ళనిండా నీళ్ళు. జయప్రకాష్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు.

"తప్పయిపోయింది. అన్నీ బాగున్నాయని చెప్తే రెండు నిమిషాల్లో పెట్టేస్తావు. నాకు రెండు నిమిషాలు చాలట్లేదు నీలా."

అతని తల్లి అచ్చియమ్మ తువ్వాలు పట్టుకొచ్చింది. "ముందు తల తుడుచుకో తల్లీ. మూణ్ణెల్లుగా వీడు మీ తలుపుకేసి చూస్తూ అన్నం కెలుకుతున్నాడు. ఊళ్ళో ఉన్న మీ అమ్మతో నేనే మాట్లాడతాను, నీకిష్టమైతే చెప్పు."

నీలవేణి తువ్వాల్లో మొహం దాచేసుకుంది.

సాయంత్రం మళ్ళీ రైలు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది, అతను కింద ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాడు. సిగ్నల్ పడ్డాక అంది:

"నీకైతే ట్యాంకుంది జేపీ. ఆ తొమ్మిది రోజులూ నేను ఫోన్ చేత్తో పట్టుకుని కూచున్నాను. నీకు ఫోన్ చేసి చెప్పడానికి, నా దగ్గర పాడైన వస్తువొక్కటీ లేదు."

రైలు కదిలింది. కిటికీలోంచి చాచిన ఆ చేతిని పట్టుకుని, ప్లాట్‌ఫాం చివరిదాకా అతను వానలోనే నడిచాడు.