మోచేతి కింద నాలుగు వేళ్ళు

ఆ ఉదయం వడ్రంగి వచ్చేసరికి అత్తగారు కొత్త వంటింట్లో బక్కెట్టు బోర్లించి దాని మీద నిలబడి ఉన్నారు. చేతిలో కత్తి లేదు, ముందు కూర లేదు. ఉత్త చేత్తో గాలిలో ఉల్లిపాయ తరుగుతున్నారు.

"అత్తయ్యా, పడతారు! దిగండి!" టీ గ్లాసులు పక్కన పెట్టి కోడలు పరుగెత్తింది.

"దిగితే అందదమ్మా. గట్టు నా మోచేతులు దాటిపోయింది."

వారంగా ఇల్లంతా రంపపు పొట్టు. పాత గట్టు కొట్టించేసి బేస్ యూనిట్లు, అంటే కింది అరల పెట్టెలు, బిగించారు. వాటి మీద పరిచే నల్లరాయి మధ్యాహ్నం వస్తుంది. గోడ నుంచి గోడ దాకా అతుకు లేని ఒకే రాయి. కోడలు రెండేళ్ళుగా ముచ్చటపడింది దానికే.

"అన్నీ మిమ్మల్ని అడిగే చేయించాం కదా? కౌంటర్ హైటు ముప్ఫయ్యారంగుళాలు అంటే ఊఁ అన్నారు. బ్యాక్‌స్ప్లాష్ అంటే ఊఁ అన్నారు. తీరా రాయి వచ్చే రోజునా చెప్పడం?"

"ఊఁ అనక ఏం చెయ్యను? నువ్వూ ఈ వడ్రంగీ గడగడా మాట్లాడుకుంటుంటే, మధ్యలో అడిగితే ముసలిదానికేం తెలుసనుకుంటారని." ఆవిడ మెల్లిగా దిగారు. "పోనీలే. ఇకనుంచి నువ్వే వండుకో. నేను ముందుగదిలో కూర్చుంటాను."

అందులో కోపం లేదు. అదే కోడలికి చురుక్కుమంది. ఆవిడ ఆరింటికే వండి పెట్టబట్టే తను ఎనిమిదింటికి ఆఫీసులో ఉంటోంది. ఈ ఇంట్లో ఆవిడది అనుకునే చోటు ఈ వంటిల్లొక్కటే.

"పాత గట్టు ఎత్తు ఎవరు కొలిచారు?"

"తాపీమేస్త్రీ. మోచెయ్యి మడవమని, దాని కింద నాలుగు వేళ్ళు పెట్టి గీత గీశాడు. నలభై ఏళ్ళు నడుంనొప్పి ఎరగను."

"అయితే మడవండి."

కోడలు తన నాలుగు వేళ్ళు పెట్టింది. వడ్రంగి గోడ మీద పెన్సిల్ గీత గీసి, తల గోక్కున్నాడు. "మూడంగుళాలు దించాలి మేడం. కిటికీ వైపు పెట్టెకి పొట్టి కాళ్ళు వేసి స్కర్టింగ్ కోసేస్తే సరిపోతుంది. కాకపోతే రాయి రెండు ముక్కలవుతుంది."

కోడలు కిటికీ దాకా ఒకసారి చూసింది.

"కానివ్వండి. ఆ ముక్క అత్తయ్యది."

అత్తగారు గోడ మీది గీతని వేలితో తడిమారు. "స్కర్టింగ్ అంటే ఏంటమ్మా?"

"పెట్టె కాళ్ళు కనపడకుండా కింద అడ్డంగా కొట్టే పలక."

"మరి మొన్న కార్కస్ అన్నాడే, అదేంటి?"

కోడలు వడ్రంగి వైపు చూసింది, తర్వాత అత్తగారి వైపు.

"నాకూ తెలీదత్తయ్యా. నేనూ ఊఁ అన్నాను."

కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే ఆవిడకి నవ్వొచ్చేసింది. ఈసారి బక్కెట్టు మీద కూర్చున్నారు.

"నాయనా, ముందు టీ తాగు. తర్వాత మొదట్నుంచీ చెప్పు, ఇద్దరికీ."