పది గంటల ఆర్డరు

ఏటి గట్టు తెగిన పెద్ద వరద తర్వాత నాలుగో ఏడు. యుద్ధం ఇంకా అవలేదు. ఏరు మళ్లీ పొంగుతోంది.

చీఫ్ ఎదుట నిలబడ్డ ఏజెంటును డిపార్ట్‌మెంటులో అందరూ మూగన్న అంటారు. అడిగితే తప్ప నోరు విప్పడు.

"జనరల్‌ని రేపు పొద్దున పదిలోపు లేపేస్తారట. విదేశీ ముఠా," అన్నాడు చీఫ్.

"లేపనివ్వండి."

చీఫ్ సిగరెట్ నలిపేశాడు. "నీ తమ్ముడి సంగతి మర్చిపోలేదురా."

ఆ వరదలో నలభై మంది సైనికులు ఏటి మధ్య లంకలో చిక్కుకున్నారు. మూగన్న అప్పట్లో టెలిఫోన్ లైన్‌మన్. "నీళ్లు నడుముదాకా వచ్చాయన్నా, వెనక్కి రమ్మని ఆర్డరు ఇప్పించు" అని తమ్ముడు ఫోన్లో బతిమాలాడు. "ముప్పై ఏళ్ల సర్వీసులో నేను వెనకడుగు వేయలేదు" అన్నాడు జనరల్. ఆ మాటకి ఆయన ఛాతీ మీద పంతొమ్మిదో పతకం వేలాడింది. తమ్ముడి శవం కూడా దొరకలేదు.

"అదే లంకలో ఇప్పుడు మూడు వందల మంది ఉన్నారు," అన్నాడు చీఫ్. "వాళ్లని వెనక్కి పిలవడానికి జనరల్‌ని కాళ్లావేళ్లా పడి ఒప్పించాం. రేపు పదికి ఫోన్ చేస్తాడు. ఆయన గొంతు వింటే తప్ప అక్కడి మేజర్ కదలడు. ఈయన పోతే వాళ్లంతా పోయినట్టే."

మూగన్న ఒక అడుగు ముందుకేశాడు. "వేషం?"

"బార్బర్. ఈ బ్రష్ పిడిలో వైర్ కట్టర్ ఉంది. జనరల్ జీవిత చరిత్ర రాస్తున్న మేడమ్ మన డబుల్ ఏజెంట్. 'ఎండ బాగుంది' అందంటే భయం లేదు. 'ఉక్కగా ఉంది' అంటే ప్రమాదం."

మర్నాడు తొమ్మిదిన్నరకి మ్యాప్ రూములో జనరల్ మెడ మూగన్న కత్తి కింద ఉంది. లావుపాటి మెడ. నాలుగేళ్లుగా కలలోకొచ్చే మెడ.

"రాసుకోండి మేడమ్. ఇరవై రెండో ఏట మొదటి పతకం. కొండ మీద కోట పట్టాను."

ఆకుపచ్చ పట్టుచీరలో మేడమ్ మెరిసిపోతోంది. "ఎంతమంది పోయారు సార్?"

"అవన్నీ ఎందుకు? పేజీలు దండగ. ఒరేయ్, మెల్లగా! గడ్డం గీస్తున్నావా, గడ్డి కోస్తున్నావా?"

మూగన్న కత్తి వాటం మార్చి మళ్లీ గీశాడు.

ఇంతలో యూనిఫారంలో మెకానిక్ ఒకడు వచ్చాడు. బల్ల మీది, పక్కన తిప్పే హ్యాండిల్ ఉన్న ఫీల్డ్ టెలిఫోన్ విప్పాడు. ఏదో మార్చాడు. మూత బిగించి, సెల్యూట్ కొట్టి చక్కా పోయాడు.

"ఈరోజు ఎండ బాగుంది. ఇంకు తెచ్చుకుంటాను సార్," అంటూ మేడమ్ లేచింది.

మూగన్న కత్తి తుడుస్తూ ఆగిపోయాడు. టెలిఫోన్ బాగుచేసినవాడెవడూ హ్యాండిల్ తిప్పి ఎక్స్‌చేంజిని పలకరించకుండా పోడు. లైన్‌మన్ కడుపు మాడ్చుకుంటాడు గానీ ఆ టెస్టింగు మానడు. వీడు హ్యాండిల్ ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి భయపడ్డాడు!

గడియారం పది కొట్టింది. నురగ మొహంతోనే జనరల్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

మూగన్న ఒక్క దూకులో ఆ చెయ్యి ఒడిసిపట్టాడు.

"వదలరా వెధవా!"

"తిప్పితే చస్తారు." కిటికీ వైపు తిరిగి అరిచాడు. "సెంట్రీ! మేడమ్‌నీ మెకానిక్‌నీ గేటు దాటనివ్వకు!"

మూత ఊడదీశాడు. లోపల పేలుడు మందు పొట్లం. హ్యాండిల్ నుంచి దాంట్లోకి రెండు వైర్లు. బ్రష్ పిడి తిప్పి కట్టర్‌తో తుంచేశాడు. లైను మళ్లీ కలిపి, తనే హ్యాండిల్ తిప్పి, మేజర్‌ని పిలిచి, రిసీవర్ అందించాడు.

జనరల్ దాన్ని అందుకోలేదు. పొట్లాన్ని చూస్తూ మీసం దువ్వాడు.

"నా మీదకే బాంబా! ఇప్పుడు వెనక్కి పిలిస్తే జనరల్ జడిశాడని రాస్తారు. ఆర్డరు రద్దు. వాళ్లని లంకలోనే ఉండమను."

మూగన్న కత్తి వెళ్లి ఆ మెడ మీద వాలింది. ఈసారి గడ్డం కోసం కాదు.

"చెప్పండి."

"ఎవడివిరా నువ్వు?"

"నలభై మంది మునుగుతుంటే లైను మీద విన్నవాణ్ణి. మా తమ్ముడు ఆఖరిదాకా మీ ఆర్డరు కోసమే అడిగాడు. మళ్లీ వినడం నా వల్ల కాదు. మూడు అంకెలు లెక్కపెడతా. ఒకటి."

మెడ మీద సన్నటి ఎర్రగీత తేలింది.

"రెండు."

"మేజర్..." అంటూ జనరల్ రిసీవర్ లాక్కున్నాడు. "అందరూ వెనక్కి వచ్చెయ్యండి. వెంటనే."

రిసీవర్లో పడవల ఇంజన్లు మొదలయ్యేదాకా మూగన్న కత్తి తీయలేదు.

మెకానిక్‌తో పాటు మేడమ్ గేటు దగ్గరే దొరికింది. ముఠా దగ్గర రెండో జీతం తీసుకుంటోందట. మధ్యాహ్నానికి ఆఖరి పడవ గట్టు చేరింది. లంక మునిగింది. అప్పటికి అందులో మనుషులెవరూ లేరు. సాయంత్రం రేడియోలో జనరల్ మాట్లాడాడు. సైనికుల ప్రాణాలే తనకు ముఖ్యమని, ఈ నిర్ణయం పూర్తిగా తనదేనని చెప్పాడు. ఇరవయ్యో పతకం ప్రకటించారు. మెడకి పట్టీ ఎందుకని ఎవరో అడిగితే యుద్ధంలో గాయమన్నాడు.

మర్నాడు పొద్దున్నే మూగన్న ఆఫీసుకి వెళ్లి రాజీనామా ఫారం అడిగి తీసుకున్నాడు. 'కారణం' అన్నచోట ఒకే ముక్క రాశాడు:

"జనరల్ గారు క్షేమం."