పసుపు నీళ్లు పొంగిన బోరు

బావిలోకి దిగి అడ్డంగా బోరు కొట్టుడు మా పని. నేను ఒడ్డున తాడు పట్టుకుంట, తమ్ముడు మురళి లోపల రాయికి రంధ్రం పెడతడు. తల్లాడ నుంచి భద్రాచలం అడవి దాకా మేం దిగని బావి లేదు.

మొన్న పొద్దున భూమి అదిరింది. రాత్రికల్లా పగిడయ్య బావి ఎండింది. అడవి అంచున రామ్‌చందర్ బోరేమో మోటరు లేకుండనే పొంగుతుంది. లోపల రాయి కదిలి నీళ్లు దారి మార్చుకున్నయ్. "మిర్చి మాడుతుంది, జల్దీ దిగుండ్రి," అని తెల్లారే పగిడయ్య కాళ్లావేళ్లా పడ్డడు. భూమి అదిరినంక మూడు రోజులు బావి దిగొద్దు, దిగినోళ్లంత లోపలే ఉండిపోయిన్రని మా తాత చెప్పేటోడు. ముసలోళ్ల చాదస్తమని నేనే మురళిని దింపిన. నా నోట్ల మన్ను పడ!

బోరు అడ్డంగా ముప్ఫై అడుగులు పోయినంక రంధ్రంలకెల్లి బుస్సుమంది. కుళ్లిన గుడ్ల వాసన. వేడి ఆవిరి.

"అన్నా, గుంజు!"

గుంజిన. తాడు తేలిగ్గా వచ్చింది. మురళి లేడు. బావి గోడ మనిషి పట్టేంత పగిలి ఉంది. నేను దిగేలోపే ఆ సందు వెంట్రుకంత అయింది. అడుగున వేడినీళ్లు అందులకే ఇంకుతున్నయ్.

నీళ్లు ఎటు పోతున్నయో తెల్వాలంటే పసుపు కలుపుతం. బస్తెడు పసుపు కుమ్మరించిన. మర్నాడు పొద్దున రామ్‌చందర్ బోరు పసుపురంగుల పొంగింది.

ఉరికిన. పొంగు తగ్గినంక పైపుకు నోరు ఆనిచ్చి పిలిచిన.

"మురళీ..."

చెవి ఆనిచ్చి విన్న. ఎక్కడో లోతుల నుంచి...

"అన్నా... గుంజు."

ఆరంగుళాల పైపుల మనిషి పట్టడు, నాకు తెల్వదా? ఐనా తోడబుట్టినోడు పిలుస్తుంటే ఊకుంటనా! వంద అడుగుల తాడు వదిలిన. కింద ఎవరో పట్టుకున్నరు.

"వద్దు, వదిలెయ్!" రామ్‌చందర్ నా చెయ్యి పట్టుకున్నడు. తోసేసి తాడు గుంజుడు మొదలుపెట్టిన.

యాభై అడుగులు వచ్చింది. వంద... రెండు వందలు... నేను వదిలింది వందే. తాడు ఇంకా వస్తనే ఉంది. తడిగా. వేడిగా. చేతులు బొబ్బలెక్కినయ్. వదిలితే మురళి పోతడు.

"ఇంకెంతరా?" ఏడుస్తూ అడిగిన.

పైపులకెల్లి వాని గొంతే వచ్చింది.

"ఆగకన్నా... నాకంటే ముందు ఎక్కాల్సినోళ్లు చానామంది ఉన్నరు."