తుపాకీలో ఆవాలు

నా బామ్మర్ది బుచ్చన్నకు నోరు ఊరుకోదు. సౌదీకి వచ్చి రెండేళ్ళయినా వాళ్ళక్కకు ఒక్క ఉత్తరం రాయలేదు. క్యాసెట్లో మాట్లాడి పంపేవాడు. అప్పట్లో మావాళ్ళలో చాలామంది అంతే, ఊరికెళ్ళే మనిషి దొరికితే చేతిలో క్యాసెట్ పెట్టేవాళ్ళం. మేం అరగంటలో ముగించేదానికి వాడు పదిహేను రోజులు తీసుకునేవాడు. తిన్న కూర దగ్గర్నుంచి తుమ్మిన తుమ్ము దాకా అన్నీ చెప్పాలి వాడికి. ఆ అక్క ఊర్మిల, నా భార్య. "తమ్ముణ్ణి తీస్కపోతున్నవ్, మళ్ళ నువ్వే తీస్కరావాలె" అని నాతో ఒట్టు వేయించుకుని పంపింది.

తొంభై ఒకటి, ఏప్రిల్. యుద్ధం ఆగి రెండు నెలలు కాలేదు. కువైట్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఖఫ్జీలో మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంటికి మేమిద్దరం కాపలా. ఆయన కుటుంబం ఇంకా దమ్మాంలోనే ఉంది. ఊళ్ళో సగం ఇళ్ళు తాళాలతో ఉన్నాయి, వాటి మీద దొంగల కన్ను పడింది. ఒకరోజు కఫీల్ వచ్చి, తను పిట్టల్ని కొట్టే సన్నగొట్టం తుపాకీని, రెండు డబ్బాల తూటాలను మాకిచ్చి వెళ్ళాడు.

తూటాలు చిటికెనవేలంత లావు. ఒక డబ్బాలో ఎర్రవి, ఒక డబ్బాలో పచ్చవి. బుచ్చన్న ఊరుకుంటాడా? ఒక్కోదాన్ని చాకుతో కోసి అరచేతిలో ఒంపాడు. ఎర్రదాంట్లో ఆవాలంత సీసపు గింజలు, వందకు పైనే. పచ్చదాంట్లో శనగలంతవి, మూడే మూడు.

గుండ్ల దెబ్బకు ఊడిన తలుపొకటి ప్రహరీకి ఆనించి ఉంది. మా గది తలుపులాంటిదే. మా గది ఇరవై అడుగుల పొడవు, కాబట్టి అంతే దూరం నుంచి రెండు రకాలూ పేల్చి చూశాం. ఆవాలు చెక్కలో దిగి ఆగిపోయాయి. శనగలు తలుపు దాటి, వెనక గోడ సున్నం రాల్చాయి.

"ఆవాలే ఏద్దాం బావా," అన్నాడు. "చప్పుడుకే ఉరుకుతడు దొంగ. వాడు గూడ ఎవ్వలో ఒక తల్లి కొడుకే. ఏమో, తలుపు అవతల నేనే ఉంటనేమో, ఎవనికెరుక?"

"తుపాకిల గూడ పోపు పెడ్తవారా?" అని నవ్వాను. సరేనన్నాను. నేనే ఒక ఎర్ర తూటా వేశాను.

వారం తిరక్కుండా, పక్క వీధిలో కాపలా ఉండే ఇనాయతుల్లాను దొంగలు ఇనప రాడ్డుతో కొట్టారు. నేను వెళ్ళి చూశాను. మనిషి ముఖం గుర్తుపట్టేలా లేదు. తిరిగొచ్చాక నాకు అన్నం దిగలేదు. మర్నాడు బుచ్చన్న స్నానానికి వెళ్ళినప్పుడు ఎర్ర తూటా తీసి పచ్చది పెట్టాను. వాడికి చెప్పలేదు. చెబితే వాదిస్తాడు, వాడితో వాదించి గెలిచినవాడు లేడు.

మూడో రోజు పొద్దున టేప్‌రికార్డర్ ఆగిపోయింది. ఆ వీధికి కరెంటు ఇంకా రాలేదు. బుచ్చన్న అయిపోయిన బ్యాటరీలు తీసి పారేశాడు. "అక్క క్యాసెట్ సగంల ఆగింది బావా. బజార్ల దొరుకుతయేమో చూసొస్త," అని సంచి పట్టుకుని బయల్దేరాడు.

అవతల కువైట్లో నూనెబావులు తగలబడుతూనే ఉన్నాయి. మాకు రోజూ ఆకాశం మసగ్గానే ఉండేది. ఆ రోజు గాలి ఉత్తరం నుంచి గట్టిగా తిరిగింది. ముందు పిచ్చుకలు అరవడం మానేశాయి. తర్వాత మాడిన కిరోసిన్ వత్తి వాసన వచ్చింది. ఎండ పసుపు రంగుకు తిరిగి, ఎర్రబడి, నల్లబడింది. పగలు పదకొండు గంటలకు రాత్రయింది. నా చెయ్యి నాకు కనబడలేదు.

గొళ్ళెం పెట్టి, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. ఎంతసేపు గడిచిందో తెలియదు. పక్క మంచం కిర్రుమంది...

"బావా."

ప్రాణం లేచొచ్చింది. "ఎప్పుడొచ్చినవ్ రా?"

"మెల్లగ... తలుపు కాడ ఎవ్వడో ఉన్నడు."

గొళ్ళెం పెట్టింది నేనే. వాడు లోపలికి ఎలా వచ్చాడన్నది నాకు తట్టనే లేదు.

విన్నాను. తలుపు మీద గోళ్ళతో గీకినట్టు... ఆగింది... మళ్ళీ.

"మీన్?" అని అరబ్బీలో అడిగాను. "కౌన్ హై?"

గొంతు బిగిసిన మనిషి గాలి కోసం లాగినట్టు ఒక గురక. తలుపును ఎవరో భుజంతో నెట్టారు. గొళ్ళెం ఊగింది.

పక్క మంచం మీంచి గుసగుస. "ఏం గింజలేసినవ్ బావా?"

"ఆవాలే."

"నిజమేనా?"

"ఆవాలే రా..."

తర్వాత, చాలా మెల్లగా, "అట్లయితె కొట్టు. వాడు బతుకుతడు."

కొట్టాను.

అగ్గిపుల్ల మూడోసారికి అంటుకుంది. పక్క మంచం మీద దుప్పటి పొద్దున వాడు మడిచినట్టే ఉంది. తలుపుకు మూడు కంతలు.

తీశాను. గడప మీద బుచ్చన్న. ముఖానికి తువ్వాల చుట్టుకున్నాడు, అది మసితో నల్లగా ఉంది. పొగకు గొంతు పూడి నన్ను పిలవలేకపోయాడు. సంచిలో నాలుగు బ్యాటరీలు, పొట్లం విప్పకుండానే. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఎంత ఏడ్చినా నా బుచ్చన్న కళ్ళు తెరవలేదు.

జైల్లో వేశారు. చనిపోయినవాడి తల్లి క్షమిస్తున్నానని కాగితం పంపితే తప్ప బయటపడనని చెప్పారు. ఊర్మిలకు ఉత్తరం రాయించాను. దొంగ అనుకున్నాను, తూటాలో ఆవాలే ఉన్నాయి, తగలరాని చోట తగిలాయి అని రాయించాను. ఆ మాట నమ్మి మా అత్త వేలిముద్ర వేసింది. పదకొండు నెలలకు, వాడి పెట్టె ఒకటి పట్టుకుని ఇల్లు చేరాను.

పెట్టెలో టేప్‌రికార్డర్, అందులో ఆ క్యాసెట్ అలాగే ఉన్నాయి. ఊర్మిల దాన్ని కరెంటుకు తగిలించి మొదట్నుంచి పెట్టింది.

"అక్కా, తుపాకి అంటె భయపడకు," బుచ్చన్న నవ్వుతున్నాడు. "బావ ఆవాలే ఏసిండు. శనగలేస్తె తలుపు దాటి మనిషి పోతడు. ఆవాలైతె దాటయి..." అంటుండగా గొంతు సన్నబడి, గబగబా పరిగెత్తి, ఆగిపోయింది. బ్యాటరీలు అయిపోయింది అక్కడే.

ఊర్మిల కళ్ళు తుడుచుకుంది. టేపు ఊరికే తిరుగుతోంది. అప్పుడొచ్చింది గుసగుస.

"ఏం గింజలేసినవ్ బావా?"

టేపులోనే, వెనకాల ఎక్కడో పిండిగిర్ని మొదలైన చప్పుడు, టుక్కు టుక్కుమని. ఖఫ్జీలో మేమున్నచోట గిర్ని లేదు. దాని మీద నా గొంతు, స్పష్టంగా.

"శనగలు."

ఊర్మిల టేపు ఆపేసింది.

"మా అమ్మకు చేతులు వణుకుతయి," అంది. "ముద్ర ఏసేటప్పుడు ఆమె వేలు పట్టుకున్నది నేనే." తర్వాత అడిగింది. "నువ్వే చెప్పు. ఏం గింజలేసినవ్?"

ఆవాలు అనే చెబుదామనుకున్నాను. దేవుడి సాక్షిగా అదే అనుకున్నాను. ఇంతలో వెనక వీధిలో గిర్ని మొదలైంది, టుక్కు టుక్కుమని.

"శనగలు," అన్నాను. టేపులో విన్నట్టే, అదే చప్పుడు మీద.

ఆమె టేప్‌రికార్డర్ వైపు చూసింది. నేనూ చూశాను. క్యాసెట్లో టేపు ఇంకా సగం మిగిలి ఉంది. ఇప్పటికీ దాన్ని మేం వినలేదు.