లేని గంట

వోల్గా ఒడ్డున, పడవల రేవు పక్కన, ధాన్యం వర్తకుల పాత హాలు ఒకటుంది. చీకటి పడ్డాక దాని ముందునుంచి వెళ్ళకూడదని ఆ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. పగలు చూస్తే భయపడడానికి ఏమీ ఉండదు. వెలిసిపోయిన పసుపు గోడలు, పెచ్చులూడిన స్తంభాలు, చలికాలానికని కిటికీలకి అడ్డంగా కొట్టిన చెక్కలు. అయితే చలికాలంలో ఆ ఊరికి సాయంత్రమనేది ఉండదు. మధ్యాహ్నం భోజనం చేసి, టీ తాగి, గ్లాసు కింద పెట్టేలోపు రాత్రి వచ్చి కూర్చుంటుంది. ఆ చీకట్లో... లోపల్నుంచి గంట మోగుతుందట.

ఒక్కసారి. మళ్ళీ చాలాసేపటికి ఇంకోసారి.

ఆ హాల్లో గంట లేదు. ఎప్పుడూ లేదు. గుర్రాలు అక్కడికి రాగానే చెవులు నిక్కబొడుచుకుని ఆగిపోతాయి. బండివాళ్ళు శిలువ గుర్తు వేసుకుని, గడ్డకట్టిన నది మీదుగా చుట్టు తిరిగైనా పోతారు గానీ ఆ వీధిలో అడుగుపెట్టరు.

ఆ గంటకి ఊరందరికన్నా ఎక్కువ భయపడ్డవాడు మందుల షాపు పర్ఫీరీ ఇగ్నాతిచ్. ఎందుకంటే — ఆ గంటని పుట్టించింది ఆయనే.

అదెలాగో చెప్పాలంటే ముందు తూచిన్‌స్కీ సంగతి చెప్పాలి. ఆ ఊరివాడే. ఓ పెద్ద ఆర్కెస్ట్రా మొత్తం కలిసి వాయించాల్సిన సంగీతం ఒకటి రాస్తుండేవాడు. అది చివరిదాకా మోగిననాడు వినేవాళ్ళకీ వాయించేవాళ్ళకీ తేడా పోతుందనీ, గోడలు పోతాయనీ, లోకమే కరిగి వెలుగైపోతుందనీ చెప్పేవాడు. ఊళ్ళో సగంమంది నమ్మారు. మిగతా సగం పిచ్చివాడన్నట్టు కణత దగ్గర వేలు తిప్పి చూపించుకున్నారు. హాల్లో వేదిక వెనకున్న గదిలో కూర్చుని రాస్తూ రాస్తూ, జ్వరం తగిలి అక్కడే పోయాడు. లోకం కరగలేదు. సంగీతం మధ్యలో ఆగింది.

ఆగడమంటే మామూలు ఆగడం కాదు. వయొలిన్లు పైకి, ఇంకా పైకి ఎక్కి, ఇంకొక్క మెట్టు ఉందనగా... కాగితం ఖాళీ.

తూచిన్‌స్కీకి ఓ అక్క ఉంది. గ్లఫీరా అర్కాద్యెవ్నా. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడే ఆవిడ లోకం. తమ్ముడు పోయిన ఏడాది, శరదృతువులో నది గడ్డకట్టే ముందు వచ్చే ఆఖరి స్టీమరులో పెద్ద పట్నంనుంచి ఆర్కెస్ట్రాని రప్పించి, అదే హాల్లో వాయింపించింది. మొదలుపెట్టే ముందు వేదిక ఎక్కి సభకి ఓ మాట చెప్పింది.

"దయచేసి ఎవరూ చప్పట్లు కొట్టకండి. పూర్తికానిదానికి చప్పట్లేమిటని మా తమ్ముడు వేన్యా అనేవాడు. పూర్తయిననాడు ముందు తనే కొడతాననేవాడు."

ఇంకో పద్ధతి కూడా ఉంది, అది తూచిన్‌స్కీ బతికున్నప్పుడు పెట్టిందే. సంగీతం సగం వాయించేవాడి దగ్గర, సగం వినేవాడి దగ్గర ఉంటుందట. అందుకని విన్నవాళ్ళెవరూ తమకేమైందో చెప్పకుండా గుమ్మం దాటకూడదు. ఆ రోజు గ్లఫీరా నల్లటి శాలువా కప్పుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఒక్కొక్కరినే అడిగింది. "మీకేం కనిపించింది?"

జడ్జిగారి భార్యకి ఊదారంగు వెలుగు కనిపించింది. పోస్టుమాస్టరుకి, ఎప్పుడో పోయిన తల్లి వచ్చి కిటికీ తెరిచినట్టయింది. చర్చి డీకనుకి నెత్తిమీద రెక్కల చప్పుడు వినిపించింది. గోధుమల వర్తకుడు ఒకాయన, బాతు అరుపుకీ వయొలిన్‌కీ తేడా తెలియనివాడు, మాటరాక వెక్కివెక్కి ఏడ్చాడు.

వాళ్ళ వెనక వరసలో పర్ఫీరీ ఇగ్నాతిచ్ నిలబడి ఉన్నాడు. ఆయనకేమీ కనిపించలేదు. కచేరీ కోసమని కొత్త బూట్లు కొనుక్కున్నాడు, అవి కరిచాయి. ఎప్పుడైపోతుందా, ఎప్పుడు ఇంటికెళ్ళి వీటిని విప్పి పారేద్దామా అని ఒకటే ధ్యాస. తీరా చూస్తే అందరికీ ఏదో ఒకటి దొరికింది. విందులో తనొక్కడికే విస్తరి వెయ్యనట్టు ఆయనకి మొహం కాలిపోయింది. మందుల షాపు వాడికి సంగీతమెందుకు అనుకుంటారు కాబోలు...

"మీకండీ?" అంది గ్లఫీరా.

"నాకు..." ఆయన తన బూట్లవైపు చూసుకున్నాడు. "నాకు గంట వినపడిందండీ. అంతా ఆగిపోయాక. దూరంగా. ఒక్కసారి."

ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"ముగింపు," అంది గొంతు తగ్గించి. "అదే వాడి ముగింపు."

ఇంకేముంది! మర్నాటికల్లా ఆయన ఊళ్ళో గొప్పవాడైపోయాడు. దగ్గుమందు కోసం వచ్చినవాళ్ళు కూడా గంట సంగతి చెప్పమని బల్ల దగ్గర నిలబడేవారు. నమ్మనిది భార్య అగాఫ్యా ఒక్కతే.

"పిల్లాడు ఏడిస్తే నీకు వినపడదు, నేను పిలిస్తే వినపడదు. లేని గంట వినపడిందా పర్ఫీషా? అదేం చెవయ్యా నీది!"

"నీకు తెలీదులే, ఊరుకో," అని కసిరేవాడు. నిజం కాబట్టే అంత కోపం.

అక్కడితో పోతే బాగానే ఉండేది. క్రిస్మస్ వెళ్ళిన కొద్దిరోజులకి కబురు తెలిసింది. పాస్కా, అదే ఈస్టర్ పండుగ తర్వాత పీటర్స్‌బర్గ్‌లో ఆ సంగీతాన్ని మళ్ళీ వాయిస్తారట. ఈసారి చివర్లో ఓ గంట మోగిస్తారట. గ్లఫీరా పట్టుబట్టి ఒప్పించిందట. చచ్చిపోయినవాడి సంగీతానికి తన అబద్ధం ముగింపు కాబోతోంది!

నిజం చెప్పేద్దామని ఆయన గ్లఫీరా ఇంటికి చాలాసార్లు వెళ్ళాడు. వెళ్ళినప్పుడల్లా ఆవిడ చెర్రీ జామ్ వేసి టీ ఇచ్చేది. "మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో" అనేది. ఆయన నిజం మింగేసేవాడు. టీ తాగి, దణ్ణం పెట్టి, సిగ్గుతో కుంచించుకుపోయి ఇల్లు చేరేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే... హాల్లో గంట మోగడం మొదలైంది.

ఊరంతా భయపడింది గానీ ఆశ్చర్యపడలేదు. పర్ఫీరీ ఇగ్నాతిచ్ చెప్పిన గంటే కదా అన్నారు. అక్కడ ఏ గంటా మోగడానికి వీల్లేదని తెలిసినవాడు ఆయనొక్కడే. దెయ్యముందో లేదో తెలియనివాడి భయం వేరు. నోటితో పుట్టించిన అబద్ధం కాళ్ళొచ్చి తిరుగుతుంటే, ఆ భయం వేరు. ఆయనకి నిద్ర పట్టేది కాదు. వేన్యాయే వచ్చాడనుకున్నాడు. నా సంగీతం పక్కన నువ్వు పెట్టింది ఇదేనా, విను — అని మోగిస్తున్నాడనుకున్నాడు.

ఒకరోజు నది అవతల గుండెజబ్బు మనిషికి చుక్కలమందు ఇచ్చి వస్తున్నాడు. మంచు సన్నగా పడుతోంది. ఇంకా టీ వేళే, కానీ కళ్ళు పొడుచుకున్నా కనిపించని చీకటి. బండివాడు యెరెమెయ్ రేవు దగ్గర గుర్రాన్ని ఆపేశాడు.

"దిగండి అయ్యగారూ. ఇటుపైన నేను రాను."

"హాలు దాటితే మా ఇల్లే కదయ్యా!"

"ఆ హాలు దాటడమే నావల్ల కాదు. మీ గంట మీరు వినండి. నాకు పెళ్ళాంపిల్లలున్నారు."

"నాకు లేరూ?"

"మీకు చెవులు కూడా ఉన్నాయి. అవి మాకు లేవనేగా మీ గొప్ప!" అని యెరెమెయ్ బండి మళ్ళించుకుపోయాడు.

పర్ఫీరీ ఇగ్నాతిచ్ ఒక్కడే నడిచాడు. బూట్ల కింద మంచు కరకరమంటోంది. హాలు నల్లగా దగ్గరికొచ్చింది. స్తంభాలు... మెట్లు... చెక్కలు కొట్టిన కిటికీలు. పరుగెత్తాలనిపించింది.

ఏమీ లేదు. ఏ చప్పుడూ లేదు. హమ్మయ్య, అనుకోబోయాడు—

ఠంగ్.

లోపల్నుంచే. చెవిలో కొట్టినంత దగ్గరగా.

ఆయన శిలువ గుర్తు వేసుకోబోయాడు, చెయ్యి పైకి లేవలేదు. ఇప్పుడు పారిపోతే రేపు మళ్ళీ మోగుతుంది. పాస్కా వెళ్ళాక పీటర్స్‌బర్గ్‌లో, అంత పెద్ద సభలో మోగుతుంది. తను చచ్చాక కూడా మోగుతూనే ఉంటుంది. భయం కన్నా సిగ్గే ఎక్కువైంది ఆయనకి. మెట్లెక్కి తలుపు తోశాడు. తలుపు... వేసి లేదు.

లోపల ఎలకల కంపు, బయటికన్నా ఎక్కువ చలి. దూరంగా వేదిక మీద చిన్న దీపం. ఆ వెలుగులో వాద్యకారుల కుర్చీలు వరసగా ఉన్నాయి. ఒక్కో కుర్చీలో ఏదో కూర్చుని ఉంది. చిన్నచిన్నగా, నల్లగా, తలల్లాగా...

వాటి మధ్య, ఇటు వీపు పెట్టి, శాలువా కప్పుకున్న ఆకారం. అది సన్నగా కూనిరాగం తీస్తోంది. రాగం పైకి, ఇంకా పైకి ఎక్కి, ఇంకొక్క మెట్టుందనగా ఆగింది. చెయ్యి లేచింది.

ఠంగ్.

ఆకారం తల అడ్డంగా ఊపింది.

"తలుపు వెయ్యండి పర్ఫీరీ ఇగ్నాతిచ్," అంది వెనక్కి తిరక్కుండానే. "గాలికి దీపం ఆరిపోతుంది."

గ్లఫీరా గొంతు.

కుర్చీల్లో ఉన్నవి గంటలు. ఆవు మెడలోది, బడిలో మోగించేది, బండి గుర్రానికి కట్టేది, మఠంలో అడిగి తెచ్చింది. ఆవిడ వేళ్ళు చలికి నీలంగా ఉన్నాయి.

"నడక చప్పుడు విని మీరేననుకున్నాను. భయపడి పారిపోలేదు, సంతోషం. ఇదిగో వినండి, ఇదా?" ఒకటి మోగించింది. "కాదూ? మరి ఇదా? రోజూ ఇక్కడికొచ్చి చూస్తున్నాను. ఏది మోగించినా వాడి చివరి స్వరం పక్కన అబద్ధంలా ఉంటోంది. మీరు విన్నదేదో మీరే చెప్పండి. మీరు తప్ప నాకెవరున్నారు?"

ఆయన టోపీ తీశాడు.

"ఏదీ కాదండీ... నాకేమీ వినపడలేదు."

"ఏమీ?"

"ఏమీ. బూట్లు కరిచాయి. మొదట్నుంచి చివరిదాకా బూట్ల గురించే ఆలోచించాను. అందరికీ ఏదో ఒకటి కనిపించింది. నా వంతు వచ్చేసరికి సిగ్గేసింది. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

చెంప పగలగొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ మెల్లగా కుర్చీలో కూలబడింది.

"వాడూ ఇలాగే చెప్పాడు," అంది. "ఆ వెనక గదిలో, జ్వరం రాకముందు. 'అక్కా, ఇక్కడినుంచి నాకేమీ వినపడ్డంలేదు. ముగింపు ఉందని లోకమంతా చాటాను. సిగ్గుగా ఉందక్కా, ఎవరికీ చెప్పకు' అన్నాడు. ఆ వేసవంతా కాగితం ముందు ఊరికే కూర్చున్నాడు. నేనెవరికీ చెప్పలేదు. మీలో ఎవరికైనా వినపడిందేమోనని గుమ్మంలో నిలబడి ముష్టెత్తాను."

"మరి వాళ్ళందరికీ..."

"ఎవరికి? జడ్జిగారి భార్యని 'ఊదారంగా?' అని నేనే అడిగాను, 'అవునవును' అంది. నాకు మాత్రం ఏం కనిపించింది గనక! మీరు చెప్పింది అబద్ధమని నాకప్పుడే అనుమానమేసింది. బూట్లకేసి చూస్తూ చెప్పారు. అయినా నాకు అది కావలసొచ్చింది. వాడి పరువు కోసం."

దీపం చిటపటలాడింది. ఒకరి మొహం ఒకరు చూడలేక ఇద్దరూ తలలు దించుకున్నారు.

"గంట వద్దండీ," అన్నాడు ఆయన. "ఆయన ఎక్కడ ఆగారో అక్కడే ఆగనివ్వండి. వినపడనివాడు వినపడనిచోట ఆగాడు. అందులో తప్పేముంది?"

"మరి మీరు? ఊరు నవ్వదూ?"

"నవ్వనివ్వండి. రేపు షాపు ముందు నిలబడి నేనే చెబుతాను." చెబుతుంటేనే ఆయన చెవులు కాలిపోయాయి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

గంటలన్నిటికీ గుడ్డలు చుట్టి, చప్పుడు రాకుండా గోనెసంచిలో వేశారు. సంచి ఆయన భుజానికెత్తుకున్నాడు. ఆవిడ దీపం ఆర్పి, బయటికొచ్చి తలుపుకి తాళం వేసింది. మంచు పడడం ఆగింది. నది మీద కుక్క కూడా అరవడం లేదు.

"ఒక్కసారి విందామా?" అంది ఆవిడ. "ఈసారి అబద్ధం లేకుండా."

ఇద్దరూ తలుపుకి చెవి ఆనించి నిలబడ్డారు.

"ఏమైనా వినపడిందా?"

"లేదండీ."

"నాకూ లేదు."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. గుండెల మీదనుంచి బరువు దిగినట్టు, ఊపిరి తేలిగ్గా ఆడింది ఆయనకి. చెయ్యి అందించి ఆవిడని మెట్లు దింపాడు.

అప్పుడు... వెనకనుంచి. తాళం వేసిన తలుపు లోపల్నుంచి.

గంట కాదు.

చప్పట్లు.

ఒకే ఒక్క మనిషివి. మొదట ఆగి ఆగి, తర్వాత గబగబా — చాలాకాలంగా ఎదురుచూసినవాడు కొట్టినట్టు.

గ్లఫీరా ఆయన కోటుచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. మీకు వినపడిందా అని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు.