చల్లారిన కాఫీ, కాగిన ఓడ

ముందుగా చదివేవాళ్లు నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు ముసలితనంలో పట్టుబడ్డాయి. ఒత్తులు తప్పుతాయి, రాత నత్తనడక. కువైట్‌లో నేను ఏళ్ల తరబడి వంట చేసిన ఇంట్లో గూఢచారి కథలంటే అందరూ చెవి కోసుకునేవాళ్లు. ఈ కథ మాత్రం నేను కట్టింది. ఇందులో మనుషులు నా రాతలా నింపాదిగా ఉండరు.

కల్నల్ మిజ్బిల్ గదిలో ఏసీని వణికేంత పెట్టి, పైన ఉన్నికోటు తొడుక్కుని కూర్చుంటాడు. అది అతని దర్జా. బల్లకు ఇవతల ఏజెంట్ జర్రాహ్ నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"జర్రాహ్, కాఫీ పోయడం వచ్చా?"

"తాగడం వచ్చు సార్."

"సాయంత్రానికల్లా పోయడం నేర్చుకో. ఇంజనీర్ గానిమ్ తెలుసుగా? సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటుకు పెద్ద. ఆ ప్లాంటు కంట్రోల్ తమకు అమ్మమని ఒక విదేశీ ముఠా మనిషిని పంపింది. గానిమ్ వాణ్ని మనకు పట్టించాడు. రేపు పొద్దున కోర్టులో వాణ్ని గుర్తుపట్టాలి. సాక్షి అతనొక్కడే."

"అంటే ముఠా అతన్ని ఇవాళ చంపాలి."

"ఇవాళే. గానిమ్ పోతే కేసు పోతుంది. వాడు బయటికొచ్చి మళ్లీ ప్లాంటు మీదే పడతాడు. తర్వాత ఊరంతా గొంతు తడుపుకోడానికి ఇసుక నాకాలి."

"గానిమ్‌ను ఒక్క రాత్రి దాచేస్తే సరిపోతుందిగా సార్?"

"బతిమాలాం. మా ఇంట్లో నలుగురూ కూడే దివానియాకి నేనే రాకపోతే నలుగురూ ఏమనుకుంటారు అన్నాడు. పైగా ఇవాళ అతని కొత్త కంప్యూటర్ తెర తీస్తారట."

"కంప్యూటర్‌కి తెర తీయడమేంటి?"

"నన్నడక్కు. లోపల నీళ్లు పారతాయట. ఉన్నవాడి పిచ్చి." కల్నల్ ఒక ఫొటో ముందుకు తోశాడు. "లమ్యా. ముఠాలో మన మనిషి. విషం కాఫీలో కలుపుతారని కబురు పంపింది. గుర్తుమాటగా 'సముద్రం నెమ్మదిగా ఉంది' అంటుంది. 'గాలి ఇంకా లేవలేదు' అను."

ఫొటోలోని లమ్యా అందంగా ఉంది. తన అందం తనకు తెలిసినంతగా ఇంకే సంగతీ తెలియనట్టు నవ్వుతోంది. ఆమె మీద గూఢచారి శాఖ అంత నమ్మకం ఎందుకు పెట్టిందో జర్రాహ్‌కు అర్థమైంది. శాఖలో అందరూ మగవాళ్లే.

ఆఖరున ఒక ఇత్తడి కాఫీ కూజా ఇచ్చారు. విషం తగిలితే దాని ముక్కు దగ్గరి ఉంగరం ఎర్రబడుతుంది. దాన్ని తయారుచేసిన అధికారికి ఆ ఏడు ప్రమోషన్ కూడా వచ్చింది.

పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యేసరికి జర్రాహ్ అతికించిన మీసంతో, ఎడమ చేతిలో కూజాతో, కుడి చేతిలో కప్పుల దొంతరతో గానిమ్ దివానియాలో నిలబడ్డాడు. గోడల వెంట పరుపుల మీద జనం. మామూలుగా మగవాళ్ల కూటమే గానీ ఇవాళ ఆడవాళ్లను కూడా రానిచ్చారు. మారువేషం ఇంకాస్త నాసిగా ఉన్నా నష్టం లేదనుకున్నాడు. కాఫీ పోసేవాడి మొహం ఇక్కడ ఎవడు చూస్తాడు?

అందరి చూపూ మధ్యలో ఉన్న ఓడ మీదే.

నిజంగానే ఓడ. గానిమ్ తాత ముత్యాల వేటకు వెళ్లిన చెక్క ఓడ నమూనాలో కంప్యూటర్‌ను అమర్చారు. పక్క చెక్క ఉండాల్సినచోట గాజు పలక బిగించారు. లోపల దాన్ని చల్లబరిచే సముద్రపు రంగు నీళ్లు గాజులాంటి గట్టి గొట్టాల్లో తిరుగుతున్నాయి. గొట్టాల వంపులన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. తీగలకు ఒక్కోదానికీ ఎరుపు, నలుపు, తెలుపు నూలు తొడుగులు వేసి, ఎడారి బెదూయిన్ల గుడారాల నేతలాగా వరసలు దువ్వి పరిచారు. తెరచాప కొయ్య మీద ఒక చిన్న అంకె వెలుగుతోంది.

దీన్ని కట్టిన తామిర్ పక్కనే నిలబడి, వేలిముద్ర పడ్డచోటల్లా గాజు తుడుస్తున్నాడు.

"బూ మర్జూక్, ముట్టుకోకండి, చూడండి చాలు," అన్నాడు గానిమ్‌తో. పెద్దకొడుకు మర్జూక్ పేరున గానిమ్‌ను అందరూ అలాగే పిలుస్తారు.

"నా డబ్బుతో కొన్న ఓడని నేనే ముట్టుకోకూడదట్రా," అన్నాడు గానిమ్. అతను బొద్దుగా, నవ్వుమొహంతో ఉన్నాడు. చావు పొంచి ఉన్న రోజున ఇంత సంబరపడే మనిషిని జర్రాహ్ చూడలేదు.

కూజా పట్టుకుని ఓడ దగ్గరికి వెళ్లాడు. "ఈ నీళ్లు కారితే ఎట్లా సాబ్?"

తామిర్ పైనుంచి కిందకు చూశాడు. "నీకెందుకవన్నీ? కాఫీ పోసుకో." కానీ గొప్ప చెప్పుకోకుండా ఉండలేని జాతి. వెంటనే మొదలుపెట్టాడు. "కారదు. కరెంటు ఎక్కించకముందే ఒక పగలూ రాత్రీ పంపు ఒక్కటే తిప్పాను. కీళ్ల కింద తెల్ల కాగితాలు పరిచాను. చుక్క తడి లేదు. అదిగో, అడుగున లంగరు ఆకారంలో ఉంది చూడు, అది వాల్వు. నీళ్లు మార్చాలంటేనే అది తిప్పాలి."

"పైన ఆ అంకె?"

"నీళ్ల వేడి. సెన్సర్ గొట్టంలో మునిగి ఉంటుంది. నీళ్లు పోతే దానికి వేడి తెలీదు, గాలికి చల్లబడి ఊరుకుంటుంది. కంప్యూటర్ మాత్రం కాగిపోయి తనంతట తాను ఆగిపోతుంది. అర్థమైందా? అవలేదులే. సెన్సరూ, ఓడ అడుగున ఆ నల్లపెట్టే లమ్యా తెప్పించి ఇచ్చింది. లైట్ల కంట్రోల్ అది."

"లోపలేముందో విప్పి చూశారా?"

"ఎందుకూ? రంగు కలిసింది. తీగ నా వరసలో ఎంత చక్కగా ఇమిడిందో చూడు."

జర్రాహ్ చూశాడు. ఒక పెట్టెకు పెళ్లికూతురి అలంకారం చేయడానికి నెలలు ధారపోసిన మగాడు! మనసులోనే ఛీకొట్టి ముందుకు కదిలాడు. కాఫీని కాపలా కాయడం తన పని.

లమ్యా ఒంటినిండా పొడవాటి పట్టు అబాయాతో, ఫోన్‌లో ఓడను వీడియో తీస్తూ వచ్చింది. కప్పు అందుకుంటూ గొణిగింది. "సముద్రం నెమ్మదిగా ఉంది."

"గాలి ఇంకా లేవలేదు."

"కూజా మీంచి కన్ను తీయకు," అంది. తర్వాత గొంతు పెంచి, "బూ మర్జూక్, అన్నీ ఫుల్‌లో పెట్టి ఆడండి. లేకపోతే ఈ ఓడ సత్తా ఏం తెలుస్తుంది?"

గానిమ్ స్క్రీన్ మీద కార్ల రేసు ఆట మొదలుపెట్టాడు. జనం అరుపులు. జర్రాహ్ కూజా ముక్కు వైపే చూస్తున్నాడు. ఉంగరం పచ్చగానే ఉంది. ప్రమోషన్ తెచ్చుకున్న వస్తువు కదా, దానికి కంగారు లేదు.

మూలన కొత్త అతిథి కూర్చుని ఉన్నాడు. బూ ఫర్హాన్ అని చెప్పుకున్నాడు, లమ్యా బాబాయి స్నేహితుడట. ఒంటి మీది పొడుగు దిష్‌దాషా ఇస్త్రీ చెదరలేదు, మాట కూడా ఇక్కడి మాటే. జర్రాహ్ కప్పు అడుగున కాస్త పోసి ఇచ్చాడు. అతను తీసుకున్నాడు, వాసన చూశాడు, తాగకుండా నేల మీద పెట్టాడు.

పక్కనున్న ముసలాయన మాట ఆపేశాడు. అతని పక్కవాడూ ఆపాడు. ఒక్కొక్కరుగా దివానియా అంతా మూగబోయింది.

అతిథి కాఫీ తాగకుండా కప్పు కింద పెట్టాడంటే అతనికో కోరిక ఉన్నట్టు. తీరుస్తానని ఇంటాయన మాటిస్తేనే తాగుతాడు. ఇక్కడ పుట్టిన పసివాడిక్కూడా తెలుసు ఈ సంగతి.

గానిమ్ ఆట వదల్లేదు గానీ తల మాత్రం తిప్పాడు. "కప్పు కింద పెట్టారు. మీ కోరిక ఏదైనా సరే, తీర్చాననుకోండి. చెప్పండి."

బూ ఫర్హాన్ అటూ ఇటూ చూశాడు. "కోరికా? ఏం లేదే. వేడిగా ఉందని పెట్టాను."

ముసలాయన పగలబడి నవ్వాడు. "రెండు చుక్కల కాఫీకి వేడా! ఏ ఊరయ్యా మీది? పిల్లనడగడానికి వచ్చావేమో, సిగ్గుపడకు. మావాడికి ఆడపిల్లల్లేరు, ఓడనే ఇచ్చి చేస్తాడు."

అందరూ నవ్వారు. జర్రాహ్ నవ్వలేదు.

ఈ మనిషి ఇక్కడివాడు కాదు. సరే. కానీ కాఫీకి ఎందుకు భయపడ్డాడు? కాఫీలో విషమన్న మాట ముగ్గురికే తెలుసు. కల్నల్‌కు, తనకు, చెప్పిన లమ్యాకు. కల్నల్ నోరు ఏసీకి గడ్డకట్టుకుపోయి ఉంటుంది. అంటే శాఖకు చెప్పిన అబద్ధం సంగతి లమ్యా తన ముఠావాడికీ చెప్పింది. అది అబద్ధమని చెప్పే ఉంటుంది. వాడు ఆమె మాట నమ్మలేదు. ఆ ఒక్క విషయంలో వాడు శాఖకంటే తెలివైనవాడు.

విషం కాఫీలో లేదు. మరి చావు ఎక్కడుంది?

బూ ఫర్హాన్ కళ్లు ఓడ కొయ్య మీది అంకెకు అతుక్కుపోయాయి. అది పెరిగినప్పుడల్లా అతని పెదవులు కదులుతున్నాయి. నలభై. నలభై ఒకటి. లమ్యా ఫోన్ సంచిలో వేసుకుని తలుపు వైపు జరుగుతోంది.

జర్రాహ్ చెవి వెనక దాచిన మైకు నొక్కి బయట కాపున్న తనవాళ్లతో అన్నాడు. "ముందు తలుపు. పట్టు అబాయా. వదలొద్దు." ఓడ వైపు దూకాడు.

విప్పి చూడని నల్లపెట్టె. నీళ్లలో మునిగిన సెన్సర్. గానిమ్ ఎంత ఉత్సాహంగా ఆడితే అంత తొందరగా నీళ్లు కాగుతాయి, పెట్టె పేలే అంకె వస్తుంది. అతని చావును అతని చేతే వండిస్తున్నారు.

కరెంటు ప్లగ్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. జర్రాహ్ దాన్ని పట్టుకుని తలుపు వైపు కేకేశాడు. "లమ్యా, పీకేయనా?"

"పీకెయ్, ఇంకా చూస్తావేం," అంది ఆమె. అంటూనే గుమ్మం అవతలికి కాలు పెట్టింది.

జర్రాహ్ ప్లగ్ వదిలేశాడు. ఆమె పీకమందంటే పీకకూడదన్నమాట. ఇన్నాళ్లకు పనికొచ్చే సమాచారం ఇచ్చింది.

నలభై మూడు.

మోకాళ్ల మీద పడి ఓడ అడుగున లంగరు పట్టుకున్నాడు. తామిర్ మీదికొచ్చి భుజం లాగాడు. "ఒరేయ్ కాఫీవాడా, పిచ్చా నీకు? నా సీలు!" జర్రాహ్ మోచేత్తో ఒక్కటిచ్చి లంగరు తిప్పాడు.

నలభై నాలుగు.

నీలం నీళ్లు ధారకట్టి పడ్డాయి. ముందు ఓడ పైభాగం ఖాళీ అయింది. తర్వాత గొట్టాలు, వంపు వెంట వంపు. అంకె అక్కడే నిలిచింది. వణికింది. నలభై మూడు. నలభై. ముప్పై ఏడు.

లోపల ఏదో వేడెక్కిన వాసన వచ్చింది. స్క్రీన్ నల్లబడింది. ఓడ లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

"చివరి మలుపురా!" గానిమ్ నెత్తి కొట్టుకున్నాడు. "మొదటి స్థానంలో ఉన్నాను!"

"రేపు కోర్టుకు కూడా మొదటే వెళ్లాలి బూ మర్జూక్," అన్నాడు జర్రాహ్, మీసం పీకి పారేస్తూ. "పదండి, అందరూ బయటికి."

బూ ఫర్హాన్ లేవబోయాడు. ముసలాయన అతని దిష్‌దాషా అంచు పట్టుకుని, "కాఫీ తాగకుండా పోతావా?" అన్నాడు. ఆ ముసలాయనకు జరిగిందేమీ తెలియదు. మర్యాద కొద్దీ పట్టుకున్నాడంతే.

నల్లపెట్టెను విప్పిన నిపుణుడు బయటికొచ్చి చెమట తుడుచుకున్నాడు. ఇంటినీ, ఇటూ అటూ రెండిళ్లనూ లేపేసేంత పేలుడు మందు ఉందట. ప్లగ్ పీకితే పేలేలా రెండో ఏర్పాటూ ఉందట, కంప్యూటర్ ఆగినా పెట్టెకు కరెంటు అందుతూనే ఉందట. తామిర్ ముక్కుకు ఐసుముక్క అదుముకుని, "తీగ ఎంత చక్కగా ఇమిడిందో చూశారా?" అని అడిగాడు. నిపుణుడు చూశానన్నాడు.

లమ్యాను వీధి మలుపులో పట్టుకున్నారు. తను పనిచేసింది రెండు వైపులకే కాదని, మూడో వైపు కూడా ఉందని చెప్పి జీతం అడిగింది.

గానిమ్ పొద్దున్నే కోర్టుకు వెళ్లి మనిషిని గుర్తుపట్టాడు. తిరిగొచ్చి, నీలం మరక పడ్డ ఇస్ఫహాన్ తివాచీ చుట్టూ తిరిగి, చావు తప్పినందుకు దేవుణ్ని, మరకకు జర్రాహ్‌ను తలుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం లాకప్‌లో బూ ఫర్హాన్‌కు అదే కూజాలోంచి కాఫీ పోశారు. చుక్క మిగలకుండా తాగేశాడు. తర్వాత కప్పు కింద పెట్టి, ఎవరైనా కోరిక అడుగుతారేమోనని అందరి మొహాలూ చూశాడు. తాగేసిన కప్పుకు ఆ మర్యాద లేదని జర్రాహ్ చెప్పలేదు. కూజా తీసుకుని వెళ్లిపోయాడు.

— కొప్పోలు పెంచలమ్మ, వయసు అరవై ఎనిమిది, ఇప్పుడు ఉంటున్నది రైల్వేకోడూరు.