సొరంగంలో చెయ్యి

ముత్తుకూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉప్పు నిలవచేసే పాత కొటారు ఒకటుంది. పొద్దుగూకాక అటు పోవాలంటే మీసాలు మెలేసే మగాళ్లకే కాళ్లాడవు. ఎప్పుడో తుఫానుకి కొట్టుకొచ్చిన శవాలను అందులోనే వరసగా పడుకోబెట్టారట. ఈమధ్య మరీ విడ్డూరం – రాత్రయితే కిటికీలో వెలుగు మినుకుమంటోంది, లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు... టక్... టక్...

అలాంటి కొటారుని ఏరికోరి అద్దెకు తీసుకున్నాడు జయకుమార్. రైలింజన్ డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. బల్లలు వేసి, వాటిమీద చిన్న పట్టాలు పరిచి, బొమ్మ రైలు కోసం ఓ లోకమే కట్టాడు. స్టేషను, వంతెన, అగ్గిపెట్టెలంత ఇళ్లు, ఇళ్లల్లో దీపాలు. పట్టాలు గోడకి కొట్టిన కన్నంలోంచి వెనకగదిలోకి పోయి, మలుపు తిరిగి, ఇంకో కన్నంలోంచి బయటికొస్తాయి. ఆ కన్నాలమీద అట్టలతో కొండ కట్టి సొరంగం అన్నాడు. దెయ్యాల మాటెత్తితే పకపకా నవ్వేవాడు.

ఇప్పుడు నవ్వడం లేదు. గుండె ఆపరేషనుకి ఆ రాత్రే చెన్నై పోవాలి. కారు గుమ్మంలో ఉంది. ఆయన మాత్రం కుర్చీలోంచి లేవనంటున్నాడు.

"రైలుబండి ఒక్కసారన్నా తిరగందే నేను కారెక్కను హెబ్రోనూ."

హెబ్రోను థర్మల్ ప్లాంటులో ఎలక్ట్రీషియను. ఇక్కడి వైరింగంతా అతని చేతిదే. ఈ పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఇంజను కడుపులోని చిప్పు, తన నంబరుకొచ్చిన ఆర్డరు వింటేనే బండి కదులుతుంది. రెండు పట్టాల కరెంటూ ఎక్కడైనా కలిసి షార్టయితే మాత్రం కరెంటు పెట్టె తనంతట తనే ఆగిపోతుంది. కాస్సేపాగి మళ్లీ ఇచ్చి చూస్తుంది. ఆ టక్... అదే. దీపాల మినుకూ అదే. ఊరి దెయ్యం సగం అక్కడే తేలిపోయింది.

మరి మిగతా సగం? ఆదివారం పగలు హెబ్రోను ఒక్కడే వచ్చి చూస్తే బండి చక్కగా తిరిగింది. చీకటిపడ్డాక జయకుమార్‌ని తీసుకొస్తే – చచ్చి కూర్చుంది! మర్నాడూ అంతే. ఈరోజూ అంతే.

"నా ముందర కదలదురా అది," అన్నాడు జయకుమార్ మెల్లగా. "ఇంక నన్ను కోసి ఏం లాబం?"

"అట్టా అనబాకన్నా!"

హెబ్రోనుకి ఏడుపొక్కటే తక్కువ. టార్చి నోట కరుచుకుని బల్లకిందికి దూరాడు. స్టేషను వైర్లు ఊడదీశాడు... టక్. వంతెన వైర్లు తీశాడు... టక్. చివరికి సొరంగం వైర్లు లాగాడు.

నిశ్శబ్దం.

మళ్లీ తగిలించాడు... టక్!

బయట కారు డ్రైవరు హారన్ కొట్టాడు. వెనకగది చూద్దామంటే అది కొటారు ఊడ్చే ముసలి చెంచమ్మ పడుకునే గది. చీకటిపడితే గడియ వేసుకుంటుంది. దెయ్యం తెలిసినవాళ్ల గొంతుతోనే పిలుస్తుందని ఆమె నమ్మకం. తలుపు ఎంత బాదినా, ఎంత పిలిచినా ఉలకదు, పలకదు.

ఇక దారిలేదు. "ప్రభువా..." అనుకుని పెట్టె ఆపేసి, సొరంగంలోకి చెయ్యి పెట్టాడు. మోచేయి దాకా... భుజం దాకా... పట్టాలు చల్లగా తగులుతున్నాయి. ఇంకా లోపలికి...

వేళ్లు తగిలాయి.

తడిగా, చల్లగా... మనిషి వేళ్లు. అతని వేళ్లమీద అవి మెల్లగా కదిలాయి.

హెబ్రోను పైప్రాణాలు పైనే పోయాయి. కెవ్వుమన్నాడు. గోడ అవతల్నుంచీ కెవ్వుమని కేక! కుర్చీలో జయకుమార్ గుండె పట్టుకున్నాడు.

"అవ్వా?... నువ్వేనా?" అన్నాడు హెబ్రోను కన్నంలోకి.

దెయ్యమైతే అలా హడలిపోదనుకుందేమో, గడియ తీసిన చప్పుడు. చెంచమ్మ బయటికొచ్చింది. గిన్నెలు తోమిన చేతులింకా తడారలేదు. గుప్పిట్లో ఇనప మేకులు.

"ఇనుమంటే దానికి బయ్యం అబ్బయా. ఈ కన్నంలోంచి సారు మీదికొస్తాదేమోనని... పొద్దుగూకినాక ఆ పట్టాల కమ్ములకి అడ్డంగా పెడతన్నా. తెల్లారినాక తీసేస్తా. అయినా టక్ టక్ అంటానే ఉండాది. అందుకే ఇంకోటి, ఇంకోటి పెట్టినా."

హెబ్రోను తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. టక్కుమన్నప్పుడల్లా ముసలమ్మ మేకు పెట్టింది. మేకు పెట్టినందుకే అది టక్కుమంది. కోప్పడదామనుకున్నాడు. ఆమె ముఖం చూశాక లేచి వెనకగదిలోకి నడిచాడు.

మేకులన్నీ ఏరి, పెట్టె ఆన్ చేశాడు. బొమ్మ ఊళ్లో దీపాలన్నీ వెలిగి, నిలిచాయి. జయకుమార్ ఇంజను నంబరు నొక్కాడు. బండి కూత పెట్టి కదిలింది. వంతెన దాటింది. సొరంగంలో దూరింది...

రెండో కన్నంలోంచి దీపంతో బయటికొచ్చింది.

జయకుమార్ కళ్లు తుడుచుకుని లేచాడు. చెంచమ్మ గోడవారగా ఒదిగి నిలబడింది.

"తప్పయిపోయినాది సారూ."

ఆయన చెయ్యి చాపాడు. "ఒక మేకు ఇట్టా ఇయ్యి."

దాన్ని చొక్కా జేబులో, గుండెమీద పెట్టుకున్నాడు. కారెక్కుతూ వెనక్కి తిరిగాడు.

"నవ్వబాకరా హెబ్రోనూ."

హెబ్రోను నవ్వలేదు. ఏరిన మేకుల్లో ఒకటి అప్పటికే అతని జేబులో ఉంది.